తల తిప్పితే తిరిగే ఆకాశం: కొనడమా, కట్టుకోవడమా?

విమానం నడిపే కంప్యూటర్ ఆటల గురించి మన ఇళ్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. "కాలం పాడు, కళ్లు పాడు" అని పెద్దలు అంటారు. "ఇది ఉత్త ఆట కాదు, పైలట్లకు ఇచ్చే శిక్షణ లాంటిదే" అని పిల్లలు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు విషయం ఈ రెంటి మధ్య ఎక్కడో జారిపోతున్నదని నా అభిప్రాయం. ఆ ఆట ఆడినందువల్ల కలిగే లాభం కొంచెమే. కాని ఆ ఆటకు పనికివచ్చే ఒక చిన్న సాధనాన్ని మన చేతులతో మనమే తయారుచేసుకుంటే, హైస్కూలులో చదివే గణితమూ, భౌతికశాస్త్రమూ పుస్తకం వదిలి బల్లమీదికి వచ్చి కూర్చుంటాయి.

ఆ సాధనం పేరు 'హెడ్ ట్రాకర్'. తల ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో కనిపెట్టి కంప్యూటరుకు చెప్పేది. బజారులో ఇది తయారుగానే దొరుకుతుంది. అమెరికాలోని నేచురల్ పాయింట్ అనే కంపెనీ 2001 నుంచి 'ట్రాక్ ఐఆర్' పేరుతో అమ్ముతున్నది. దాని ధర సుమారు 150 డాలర్లు, అంటే పన్నెండు వేల రూపాయల పైమాటే. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు, తప్పు లేదు. కాని ఈ విషయంలో కొనలేనివారే అదృష్టవంతులని నేనంటాను. ఎందుకో చూడండి.

కిటికీ చిన్నది, ఆకాశం పెద్దది

నిజమైన విమానంలో కూర్చున్న పైలట్ రన్‌వే ఎక్కడుందో తెలుసుకోవాలంటే తల తిప్పి చూస్తాడు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. 50 సెంటీమీటర్ల వెడల్పున్న తెరను 60 సెంటీమీటర్ల దూరంనుంచి చూస్తే, నడిమి నుంచి అటు 23 డిగ్రీలు, ఇటు 23 డిగ్రీలు మాత్రమే కనిపిస్తుంది. (25ను 60తో భాగించి, ఆ టాంజెంటుకు కోణం ఎంతో పట్టికలో చూడండి.) పక్కకు తల తిప్పితే కనిపించేది ఆకాశం కాదు, గది గోడ!

అందుకే హెడ్ ట్రాకర్ ఒక చిన్న ఉపాయం చేస్తుంది. మీరు తలను 15 డిగ్రీలు తిప్పితే, తెరమీద దృశ్యాన్ని 75 డిగ్రీలు తిప్పుతుంది. అంటే ఐదు రెట్లు. తల కొద్దిగా తిరిగినా కళ్లు తెరను వదలవు. మొదట కొంత వింతగా ఉంటుంది గాని, కాసేపటికి మెదడు సర్దుకుంటుంది.

అయితే తలను తిన్నగా ఉంచినప్పుడు కూడా ఐదు రెట్లు చేస్తే మీ ఊపిరికి, దగ్గుకు కూడా విమానం ఊగుతున్నట్లు కనిపిస్తుంది. కాబట్టి నడుమ కొద్ది డిగ్రీల మేర దాదాపు కదలిక లేకుండా ఉంచి, ఆ తరువాత క్రమంగా రెట్టింపు పెరిగేటట్లు ఒక వక్రరేఖ గీయాలి. అడ్డ అక్షంమీద తల కోణం, నిలువు అక్షంమీద దృశ్యం కోణం. గ్రాఫు కాగితం మీద గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నవారు, తాము గీసిన గీత ప్రకారం ఆకాశం తిరగడం ఇక్కడ చూడవచ్చు.

ఆరు అంకెల్లో ఒక తల

తల కదలికను పూర్తిగా చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలి? ఆలోచించండి. "కాదు" అన్నట్లు పక్కలకు తిప్పడం ఒకటి. "అవును" అన్నట్లు పైకీ కిందికీ ఊపడం రెండు. చెవిని భుజానికి ఆనించేటట్లు వాల్చడం మూడు. ఇవి తిరుగుళ్లు. ఇక జరుగుళ్లు మరో మూడు: ఎడమకూ కుడికీ, పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ. మొత్తం ఆరు. తలకే కాదు, పడవకు, గాలిపటానికి, రాకెట్టుకు, ఏ గట్టి వస్తువుకయినా ఆరే. వీటిని ఆరు స్వేచ్ఛా దిశలు అంటారు. అలలమీద ఊగే పడవలో నిలబడి చూసిన మన తీరం పిల్లలకు ఈ ఆరూ వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ప్రశ్న: కెమెరా తీసే చదునైన బొమ్మలో నుంచి ఈ ఆరు అంకెలను ఎట్లా రాబట్టాలి?

శ్రీహరికోట రాడారు, మన కెమెరా

మనకు దగ్గరలోనే, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు ఎగిరింది. అది రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్టు. ఆనాటినుంచి అక్కడ ఎగిరే ప్రతి రాకెట్టుకూ వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది: "ఇప్పుడు ఎక్కడుంది?" ఆ జవాబు తప్పితే మిగతాదంతా వృథా. రాడారు ఆ జవాబును మూడు కొలతల్లో చెబుతుంది. దిక్కు ఎన్ని డిగ్రీలు, ఎత్తు ఎన్ని డిగ్రీలు, దూరం ఎంత. రేడియో తరంగం వెళ్లి తగిలి తిరిగిరావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. సెకనులో పదిలక్షో వంతు ఆలస్యమైతే వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్లు.

మన కెమెరాకు దిక్కూ, ఎత్తూ తెలుసు. దూరం తెలియదు. బొమ్మలో ఒక చుక్క కనిపిస్తే అది దగ్గరగా ఉన్న చిన్న దీపమో, దూరంగా ఉన్న పెద్ద దీపమో కెమెరా చెప్పలేదు. మరి మార్గమేమిటి? ముందుగానే కొలత తెలిసిన వస్తువును చూపించడం.

సూదిబెజ్జం కెమెరా పాఠం గుర్తు తెచ్చుకోండి. వస్తువు దూరం పెరిగినకొద్దీ ప్రతిబింబం అదే నిష్పత్తిలో చిన్నదవుతుంది. మామూలు వెబ్ కెమెరా బొమ్మ అడ్డంగా 640 గళ్లు ఉండి, 60 డిగ్రీల మేర చూస్తుందనుకుందాం. లెక్కవేస్తే దాని నాభ్యంతరం సుమారు 554 గళ్లకు సమానం. 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు చుక్కలను 60 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే, బొమ్మలో వాటి ఎడం 554 × 10 ÷ 60, అంటే సుమారు 92 గళ్లు. తలను 70 సెంటీమీటర్లకు వెనక్కు జరిపితే అది 79 గళ్లకు తగ్గుతుంది. 92 నుంచి 79కి తగ్గిందంటే తల పది సెంటీమీటర్లు వెనక్కు వెళ్లింది. కొలబద్ద లేకుండానే దూరం తెలిసింది కదా!

మూడు చుక్కల మహిమ

ఒక్కొక్క చుక్క బొమ్మలో రెండు అంకెలు ఇస్తుంది: అడ్డం ఎంత, నిలువు ఎంత. మనకు కావలసినవి ఆరు. కాబట్టి కనీసం మూడు చుక్కలు కావాలి. ఆరు తెలియని రాశులకు ఆరు సమీకరణాలు. ఇది కొత్తగా కంప్యూటర్ల కాలంలో పుట్టిన సమస్య కాదు. 1841లోనే గ్రునర్ట్ అనే జర్మన్ గణితవేత్త దీన్ని సాధించాడు. సముద్రం మీద ఓడవాడు తీరాన తనకు తెలిసిన మూడు గుర్తుల మధ్య కోణాలు కొలిచి తానెక్కడున్నాడో తెలుసుకోవడం కూడా దీనికి దగ్గరి చుట్టమే. దీపస్తంభమూ, గోపురమూ, కొండకొమ్మూ అతనికి మూడు చుక్కలు.

ఈ సమస్యకు ఒక చిక్కు ఉంది. మూడు చుక్కలే ఉంటే ఒకే బొమ్మకు ఒకటికంటే ఎక్కువ జవాబులు, కొన్నిసార్లు నాలుగు దాకా రావచ్చు. అప్పుడు క్షణం క్రితం తల ఎక్కడున్నదో చూసి, దానికి దగ్గరగా ఉన్న జవాబును ఎంచుకోవాలి. తల ఒక్క క్షణంలో ఇక్కడినుంచి అక్కడికి దూకదు గదా!

1990లలో డిమెంథాన్, డేవిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఒక సులువైన పద్ధతి కనిపెట్టారు. ముందు ఒక ఉజ్జాయింపు వేసుకుని, దాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ పోయే పద్ధతి అది. 1995లో వచ్చిన వారి వ్యాసం శీర్షికలోనే 'ఇరవై అయిదు వరుసల ప్రోగ్రాం' అని పెట్టుకున్నారు. ఎనిమిదో తరగతిలో ఊహించి దిద్దుకుంటూ వర్గమూలం కనుక్కునే పద్ధతి తెలిసినవారికి ఇందులోని సారం అర్థమవుతుంది. ఇప్పటికీ హెడ్ ట్రాకర్ ప్రోగ్రాములలో ఈ పద్ధతి వాడుతున్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన కిటుకు. మూడు చుక్కలనూ ఒకే చదునైన అట్టమీద కెమెరాకు ఎదురుగా పెడితే ఏమవుతుంది? తల 10 డిగ్రీలు తిరిగితే వాటి ఎడం కొసైన్ 10 మేరకు, అంటే 0.985 రెట్లకు మాత్రమే తగ్గుతుంది. 92 గళ్లు ఉన్నది సుమారు 91 గళ్లు అవుతుంది. కెమెరా దీన్ని గుర్తించడం కష్టం. అదే, ఒక చుక్కను మిగతా రెంటికంటే 7 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చేటట్లు పెట్టండి. ఇప్పుడు 10 డిగ్రీలు తిరిగితే అది మిగతా వాటితో పోలిస్తే 7 × సైన్ 10, అంటే 1.2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. బొమ్మలో 11 గళ్లు! ఒకటిన్నర గళ్లెక్కడ, పదకొండు గళ్లెక్కడ? సున్నా దగ్గర కొసైన్ మెల్లగా కదులుతుంది, సైన్ చురుగ్గా కదులుతుంది. "ఈ సైన్, కొసైన్ ఎందుకు పనికొస్తాయి సార్?" అని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనిపించలేదు.

చేసే దారులు మూడు

కావలసిన ప్రోగ్రాములు రెండూ ఉచితమే. విమానం ఆటకు 'ఫ్లైట్‌గేర్' ఉంది. 1997నుంచి ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు దీన్ని పెంచుకుంటూ వస్తున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు. తల కదలికను కొలవడానికి 'ఓపెన్‌ట్రాక్' అనే ప్రోగ్రాం ఉంది. అది కొలిచిన ఆరు అంకెలను నేరుగా ఫ్లైట్‌గేర్‌కు అందిస్తుంది.

మొదటి దారిలో కట్టవలసింది ఏమీ లేదు. కెమెరా మీ ముఖాన్నే చూసి, కృత్రిమ మేధ సాయంతో తల కోణాన్ని అంచనా వేస్తుంది. సుఖమైన దారి. కాని అందులో మీరు నేర్చుకునేది తక్కువ. అది తప్పు చెప్పినప్పుడు ఎందుకు తప్పిందో మీరు చెప్పలేరు.

రెండో దారి కాగితం. నలుపు చతురస్రంలో తెల్ల గళ్ల గుర్తు ముద్రించి, చుట్టూ తెల్ల అంచు వదిలి, అట్టకు అంటించి టోపీకి తగిలించాలి. స్పెయిన్‌లోని కోర్డోబా విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఈ గుర్తులను 'అరూకో' గుర్తులంటారు. చతురస్రానికి నాలుగు మూలలు. అంటే ఎనిమిది అంకెలు. ఆరింటికి ఎనిమిది సమీకరణాలు ఉన్నాయి కాబట్టి జవాబు మరింత నమ్మకంగా ఉంటుంది. గుర్తును కెమెరాకు సరిగ్గా ఎదురుగా కాక కాస్త ఏటవాలుగా తగిలించడం మేలు. ఎందుకో పైన చెప్పిన కొసైన్ సంగతి తలుచుకుంటే మీకే తెలుస్తుంది. గదిలో మంచి వెలుతురు ఉండాలి. మసక వెలుతురులో కెమెరా ఒక్కొక్క బొమ్మకు ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆలోపు తల కదిలితే గుర్తు అలుక్కుపోతుంది.

మూడో దారి పరారుణ దీపాలు. కంటికి కనిపించని ఈ వెలుగు టీవీ రిమోట్‌లో ఉన్నదే. రిమోట్ మీట నొక్కి సెల్‌ఫోన్ ముందు కెమెరాలో చూడండి, దీపం మిణుకుమంటుంది. ఇలాంటి దీపాలు మూడు, 850 నానోమీటర్ల రకం, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. మూడింటినీ వరుసగా కలిపితే ఒక్కొక్కదానికి 1.3 వోల్టుల చొప్పున 3.9 వోల్టులు పోతాయి. యుఎస్‌బి తీగలో వచ్చేది 5 వోల్టులు. మిగిలిన 1.1 వోల్టులకు 68 ఓమ్‌ల నిరోధం కలిపితే, ఓమ్ నియమం ప్రకారం 16 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం వస్తుంది. అది చాలు. దీపం పొడవు కాలు ధన ధ్రువం. నిరోధం లేకుండా మాత్రం ఎన్నడూ కలపవద్దు. ఇంటి కరెంటు జోలికి అసలే పోవద్దు. కనిపించని వెలుగు గదా అని దీపాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూడవద్దు.

కెమెరాకు మామూలు వెలుతురు అడ్డుకోవాలి. పాత ఫొటో స్టూడియోలో కలర్ నెగెటివ్ చుట్టల చివర నల్లగా కాలిన ముక్క ఉంటుంది. అది కనిపించే వెలుతురును ఆపి, పరారుణాన్ని పోనిస్తుంది. రెండు ముక్కలు కటకం ముందు పెడితే, నల్లటి తెరమీద మూడు తెల్లని చుక్కలు మాత్రమే మిగులుతాయి. కొన్ని కెమెరాల్లో పరారుణాన్ని ఆపే చిన్న గాజు బిళ్ల లోపలే ఉంటుంది. దాన్ని తీస్తే గాని చుక్కలు బాగా కనిపించవు. కాబట్టి పనికిరాదని పక్కన పడేసిన పాత కెమెరాతోనే ఈ ప్రయత్నం చేయాలి.

నా సలహా అడిగితే రెండో దారితో మొదలుపెట్టమంటాను. ఖర్చు ఒక కాగితం, ఒక అట్ట. తరువాత మూడో దారి. ఆ రెండూ చేసినవారు మొదటి దారిని వాడుకున్నా నష్టం లేదు. లోపల ఏం జరుగుతుండాలో వారికి తెలుసు గనుక ఆ యంత్రం వారిని మోసగించలేదు.

వణుకుకూ ఆలస్యానికీ పోటీ

పరికరం పనిచేయగానే ఒక కొత్త ఇబ్బంది కనిపిస్తుంది. తల కదలకపోయినా దృశ్యం సన్నగా వణుకుతుంది. కెమెరా కొలతలో ఉండే చిన్న చిన్న తప్పులు ఐదు రెట్లయి కనిపించడమే దీనికి కారణం. దీనికి మందు సగటు. ఒక్క కొలతను నమ్మక, వరుసగా పది కొలతల సగటు తీసుకుంటే వణుకు సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. పదికి వర్గమూలం మూడు చిల్లర కదా, అదే ఇక్కడి లెక్క.

కాని ఊరికే ఏదీ రాదు. కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తే, పది బొమ్మల సగటు దాదాపు 0.15 సెకను పాత కబురు చెబుతుంది. మీరు తల తిప్పిన తరువాత ఆకాశం తిరుగుతుంది. ఆ కొద్దిపాటి ఆలస్యానికే కొందరికి కడుపులో తిప్పుతుంది కూడా. వణుకు తగ్గిస్తే ఆలస్యం, ఆలస్యం తగ్గిస్తే వణుకు. ఎంత దగ్గర ఆగాలన్నది మీరు నిర్ణయించాలి. కొలత యంత్రాలు తయారుచేసే ఏ ఇంజనీరైనా రోజూ ఎదుర్కొనే ప్రశ్నే ఇది.

ఇంకొక పని తప్పక చేయండి. ఆట మొదలుపెట్టేముందు మీ పరికరాన్ని పరీక్షించండి. తిరిగే స్టూలు మీద అట్టపెట్టె ఉంచి, దానికి మీ గుర్తు తగిలించండి. కింద కోణమాని గీసిన కాగితం పరచండి. ఐదేసి డిగ్రీల చొప్పున తిప్పుతూ, నిజమైన కోణం ఒక వరుసలో, ఓపెన్‌ట్రాక్ చూపిన కోణం ఇంకొక వరుసలో రాసుకోండి. తేడా ఎంత? ఏ కోణం దగ్గర ఎక్కువ? పన్నెండు వేలు పోసి కొన్నవాడు ఈ పరీక్ష చేయడు, కంపెనీ మాట నమ్ముతాడు. మీరు మీ పరికరం ఎంత తప్పు చెబుతుందో తెలిసి వాడతారు. సైన్సు అంటే అదే.

ఆటబొమ్మ అని తీసిపారేయకండి

"ఎంత చెప్పినా చివరికి ఆటే గదా" అనేవారికి ఒక చరిత్ర చెప్పాలి. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. విమానం నడపడం నేర్చుకోవాలంటే లింక్ తాహతుకు మించిన ఖర్చు. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులనే తీసుకుని, వాటిమీద చిన్న చెక్క విమానం నిలబెట్టి, నేలమీదే ఊగే, వాలే, తిరిగే యంత్రాన్ని 1929 నాటికి తయారుచేశాడు. వైమానిక దళం వారు మొదట దాన్ని పట్టించుకోలేదు. వినోదశాలలు కొన్నాయి. నాణెం వేస్తే పిల్లలు కాసేపు ఊగేవారు.

1934లో అమెరికా సైన్యం విమానాల్లో తపాలా మోసే పని చేపట్టింది. మంచులో, మబ్బుల్లో, కేవలం పరికరాలు చూసి నడపడం రాని పైలట్లు కొద్ది వారాలలోనే పలువురు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ ఆటబొమ్మ దగ్గరికి వచ్చి ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అయిదు లక్షల మంది దాకా దానిమీద శిక్షణ పొందారు. ఈనాటి సిమ్యులేటర్లన్నీ ఆ తిత్తుల యంత్రానికి మనవలు, మునిమనవలే.

ఇటీవలి కథ కూడా ఒకటుంది. 2007 డిసెంబరులో జానీ లీ అనే పరిశోధక విద్యార్థి, 'వీ' అనే ఆటయంత్రం చేతిమీటలో ఉన్న చిన్న పరారుణ కెమెరాను తిప్పిపెట్టి, కళ్లజోడుకు రెండు పరారుణ దీపాలు తగిలించి, తల కదిలితే తెరమీది దృశ్యం లోతుగా కదిలేటట్లు చేసి చూపించాడు. ఆ మీట ధర 40 డాలర్లు. ఆ వీడియోను లక్షలాది మంది చూశారు. ఇద్దరూ చేసింది ఒకటే పని. చేతిలో ఉన్న వస్తువును, దాన్ని చేసినవాడు తలపెట్టని పనికి వాడారు.

అభ్యంతరాలకు జవాబు

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఈ ఆట ఆడినంత మాత్రాన పైలట్ అవుతారా? కారు. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజంగా గాలిలో ఎగరాలి. తెరముందు కూర్చున్నవాడికి చెవిలోపలి సమతౌల్య అవయవం "నువ్వు కదలడం లేదు" అనే చెబుతుంటుంది. నిజమైన విమానంలో అదే అవయవం పైలట్‌కు తప్పుడు కబుర్లు చెబుతుంది, వాటిని నమ్మకుండా పరికరాలను నమ్మడం నేర్చుకోవాలి. ఆ అనుభవం ఇంట్లో రాదు. ఈ మాట పిల్లలు ఒప్పుకోవాలి.

రెండవది, కంప్యూటరు ముందు గంటలు గడిచిపోతాయన్న పెద్దల భయం. ఈ భయం న్యాయమైనదే. కాని ఒక తేడా గమనించమని వారిని కోరుతున్నాను. కొన్న ఆటలో పిల్లవాడి చేతులు మీటలమీద మాత్రమే ఉంటాయి. కట్టుకున్న ఆటలో సగం కాలం అట్ట, కత్తెర, తీగలు, కోణమాని దగ్గర గడుస్తుంది. "ఎంతసేపు ఆడావు?" అని మాత్రమే కాక "ఈవేళ ఏం కొలిచావు?" అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేనినాడు కంప్యూటరు కట్టేయమనండి, నేను మీ పక్షమే.

మూడవది, పల్లెటూరి బడిలో ఇవన్నీ ఎక్కడినుంచి వస్తాయన్నది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్లుంది అని వెక్కిరించేవారూ ఉంటారు. 2016నుంచి కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో ఎంపికచేసిన బడులకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నది. ఆ ల్యాబు ఉన్న బడివారు తప్పకుండా ఈ ప్రయోగం చేయాలి. లేని బడివారు ల్యాబు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక పాత కంప్యూటరు, ఒక కెమెరా, ఒక కాగితం గుర్తు పదిమంది పిల్లలకు చాలు. ఒకరు కట్టాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరు ఎగరాలి, వంతులు మారాలి.

ఆటతో ఆగకూడదు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

చేతులు స్వాధీనంలో లేని పిల్లలు ఉన్నారు. పుట్టుకతో వచ్చిన సెరిబ్రల్ పాల్సీ వల్లనో, ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతినడం వల్లనో వారు మౌసు పట్టలేరు, మీటలు నొక్కలేరు. తెలివికి లోటు లేదు. మనసులోని మాట బయటికి తేవడానికి దారి లేదు, అంతే. వారిలో చాలామంది తల మాత్రం కదిలించగలరు.

తల ఎంత తిరిగిందో కొలవగలిగిన మనకు, ఆ కదలికతో తెరమీది బాణం గుర్తును జరపడం ఎంత పని? 2002లో అమెరికాలోని బోస్టన్ నగర పరిశోధకులు మార్గ్రిట్ బెట్కే, జేమ్స్ గిప్స్, వారి సహచరుడు 'కెమెరా మౌస్' అనే పద్ధతిని వివరించారు. మామూలు కెమెరా ముక్కు కొనను కనిపెట్టుకుని ఉంటుంది. తల కదిలినకొద్దీ బాణం కదులుతుంది. ఒక అక్షరం మీద బాణాన్ని కాసేపు నిలిపితే అది నొక్కినట్లు లెక్క. చేతులతో పని లేకుండా మాటలు రాయవచ్చు, బొమ్మలు వేయవచ్చు, ఆటలూ ఆడవచ్చు. 'ఈవయాకామ్' అనే ఇంకొక ఉచిత ప్రోగ్రాం కూడా ఇదే పని చేస్తుంది.

విమానం ఆటకు మీరు నేర్చుకున్న ప్రతి విషయమూ ఇక్కడ అక్కరకు వస్తుంది. తల కొద్దిగానే తిప్పగలిగినవారికి ఐదు రెట్లు కాదు, పది రెట్లు పెంచాలి. తల తనంతట తాను వణికేవారికి నడిమి కదలని భాగాన్ని వెడల్పు చేయాలి, సగటును పెంచాలి. ఎక్కువ ఆలస్యమైతే వారికి విసుగు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో పుస్తకంలో ఉండదు. ఆ మనిషి పక్కన కూర్చుని, అడిగి, కొలిచి, మళ్లీ దిద్దాలి. తయారుగా కొన్న పరికరంతో ఆడినవాడికి ఈ పని చేతకాదు. వక్రరేఖను తన చేత్తో గీసుకున్నవాడికి చేతనవుతుంది.

అందుకే మొదట అన్నాను, కొనలేనివారే అదృష్టవంతులని.

విద్యార్థులారా! శ్రీహరికోటనుంచి రాకెట్టు లేచినప్పుడల్లా మన తీరంలో పిల్లలూ పెద్దలూ తలెత్తి చూస్తారు. నిప్పుల తోక కనిపించి మాయమవుతుంది. ఆ తరువాత కూడా దాన్ని చూస్తూనే ఉండేవి కొలత పరికరాలు, వాటిని కట్టినవారి బుర్రలు. తలెత్తి చూడటంతో సంతోషపడకండి. మీ తల ఎన్ని డిగ్రీలు ఎత్తారో కొలవడం నేర్చుకోండి. ఈ సెలవుల్లో ఒక కాగితం గుర్తుతో మొదలుపెట్టండి. పరికరం పనిచేసినరోజు విమానం ఎక్కి ఆకాశమంతా తిరగండి. ఆ మరునాడు మీ బడిలోనో, మీ వీధిలోనో మౌసు పట్టలేని నేస్తం ఎవరైనా ఉన్నారేమో చూసి, టోపీ తీసి వారి తలమీద పెట్టండి.